నాలుగో డౌన్, పద్దెనిమిది గజాలు

ఫియెస్టా బౌల్ మాట ఎవరైనా ఎత్తితే ఇప్పటికీ నాకు నోరు చేదవుతుంది. 2007 జనవరి 1 రాత్రి, అరిజోనాలోని గ్లెండేల్‌లో కాలేజీ టీమ్‌ల అమెరికన్ ఫుట్‌బాల్ ఆట. బోయిసీ స్టేట్ 43, ఓక్లహోమా 42. కాలేజీ ఫుట్‌బాల్‌లో గొప్ప ఆటలు ఏవని అమెరికాలో ఎవరిని అడిగినా ఈ పేరు వస్తుంది. చిన్న టీమ్ పెద్ద టీమ్‌ని కొట్టిన కథ కాబట్టి అందరికీ ఇష్టం. ఆ పెద్ద టీమ్ మాది. నేను పుట్టింది తెనాలిలోనే అయినా ఈ ఒక్క విషయంలో మాత్రం ఆ టీమ్ ఊరైన నార్మన్ వాణ్ణి.

2006 ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి ఆ ఊళ్ళో దిగాను. ఓక్లహోమా సిటీకి దక్షిణంగా అరగంట దూరంలో ఉన్న యూనివర్సిటీ ఊరు అది. ఎండలు రెంటచింతల ఎండల్లా ఉన్నాయి. ఎయిర్‌పోర్టు నుంచి కారులో తీసుకొస్తూ మా సీనియర్ నాకు మొట్టమొదట చెప్పింది అపార్ట్‌మెంట్ అద్దె గురించి కాదు, క్లాసుల గురించీ కాదు. "మన క్వార్టర్‌బ్యాక్‌ని తీసేశారు బాస్, ఈ ఏడాది ఏమవుతుందో ఏమో" అన్నాడు. గుంటూరు అబ్బాయి. అతను "మన" అనడం నాకు ఆ రోజు వింతగా అనిపించింది.

ఊరంతా అదే మాట. నిబంధనలు దాటాడని మొదటి క్వార్టర్‌బ్యాక్‌ని సీజన్ మొదలవ్వకముందే టీమ్ నుంచి పంపేశారు. ఆ స్థానంలోకి పాల్ థాంప్సన్ అనే కుర్రాణ్ణి తీసుకొచ్చారు. అంతకుముందు ఏడాది మొదటి ఆటలో అతనే క్వార్టర్‌బ్యాక్. ఆ ఆట ఓడిపోయారు, అతన్ని పక్కన పెట్టి రిసీవర్‌గా మార్చారు. బంతి విసిరేవాణ్ణి బంతి పట్టుకోమన్నారన్నమాట. అతను నోరెత్తకుండా పట్టుకున్నాడు. ఏడాది తర్వాత అవసరం వచ్చి మళ్ళీ విసరమన్నారు. అప్పుడూ నోరెత్తలేదు. ఆఖరి సంవత్సరం విద్యార్థి. నేను రాసేదంతా ఒకరకంగా ఇతని గురించే, ఎందుకంటే ఆ రాత్రి గురించి వేల సార్లు చెప్పుకున్నవాళ్ళు ఇతని పేరు మాత్రం చెప్పరు.

ఆటలున్న శనివారాలు స్టేడియం కింద తినుబండారాల కౌంటర్లలో స్టూడెంట్లకు పని దొరికేది. హాట్‌డాగ్‌లు ఫాయిల్ కాగితంలో చుట్టి వరసగా పేర్చడం నా పని. పైన 80 వేల మందికి పైగా జనం. మాకు ఆట కనిపించదు, వినిపిస్తుంది. మనవాళ్ళు టచ్‌డౌన్ కొడితే ముందు ఒక గుక్క నిశ్శబ్దం, తర్వాత నెత్తిమీద కాంక్రీటు అదిరేది, పాప్‌కార్న్ మెషీన్ అద్దం గలగలలాడేది, ఆ వెంటనే బ్యాండ్ అందుకునేది. అవతలివాళ్ళు కొడితే కరెంటు పోయినట్టు ఉండేది. ఒకవైపు స్టాండ్స్ "బూమర్" అని అరిస్తే అవతలి వైపు "సూనర్" అని జవాబు వచ్చేది. 1889లో ఓక్లహోమా భూములు పరుగెత్తి పట్టుకున్నవాళ్ళకి పంచిపెట్టినప్పుడు, మొదలుపెట్టమనే తుపాకీ పేలకముందే దొంగచాటుగా లోపలికి దూరి మంచి నేల పట్టుకున్నవాళ్ళని సూనర్లు అన్నారు. వాళ్ళ పేరే టీమ్‌కి పెట్టుకున్నారు. మనవాళ్ళు టచ్‌డౌన్ కొడితే రెండు తెల్ల గుర్రాలు కట్టిన గూడుబండి మైదానంలోకి పరుగెత్తుకొస్తుంది. ఆ బండి చూడాలని కౌంటర్ వదిలి మెట్ల దాకా వెళ్ళి వచ్చేవాణ్ణి. అలా నేను ఆట కన్నా ముందు ఆట చప్పుడు నేర్చుకున్నాను.

ఆట నేర్పింది మా పక్క వాటాలో ఉండే పెద్దాయన. చమురు బావుల్లో పనిచేసి రిటైరయ్యారు. రెండు సీజన్ టికెట్లు ఉండేవి ఆయన దగ్గర. కొడుకు ఉద్యోగం మీద టల్సా వెళ్ళిపోవడంతో రెండో సీటు తరచు ఖాళీ. ఒకరోజు వరండాలో కూర్చుని పిలిచారు. "చదువుకునే పిల్లాడివి, కనీసం డౌన్ అంటే ఏమిటో తెలుసుకో" అన్నారు.

తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటల్లో చెబుతాను. ఇది నేల గెలుచుకునే ఆట. బంతి చేతిలో ఉన్న టీమ్‌కి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, వాటినే డౌన్లు అంటారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు పోతే మళ్ళీ నాలుగు ఇస్తారు. పోలేకపోతే బంతి అవతలివాళ్ళది. మధ్యలో నష్టపోతే ఆ నష్టం కూడా కలుస్తుంది, అందుకే 10 గజాలు కాస్తా 18 అవుతాయి. బంతి పట్టుకుని చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఆ తర్వాత బంతిని కర్రల మధ్యకి తన్నితే ఇంకొకటి. తన్నకుండా మళ్ళీ గీత దాటించే సాహసం చేస్తే రెండు. కబడ్డీలో గీత తాకి రావడానికి రైడర్ పడే తాపత్రయం ఎవరికైనా గుర్తుంటే, దీంట్లో ప్రతి గజానికీ ఆ తాపత్రయమే.

పెద్దాయన చిన్నప్పుడు ఓక్లహోమా వరసగా 47 ఆటలు గెలిచింది. 1953లో మొదలైన ఆ వరస 1957 నవంబరు 16న నార్మన్‌లోనే నోటర్‌డామ్ చేతిలో 7-0తో తెగిపోయింది. ఆ రోజు ఆయన వాళ్ళ నాన్నతో కలిసి ఆ స్టేడియంలోనే ఉన్నారట. "ఆట అయిపోయాక ఎవరూ లేవలేదు. మా నాన్న టోపీ ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చున్నాడు. ఇంకేదో జరుగుతుందని అనుకుంటున్నట్టు" అని చెప్పారు. యాభై ఏళ్ళ నాటి ఓటమిని ఆయన నిన్న మొన్నటి సంగతిలా చెబుతుంటే నాకు అంతగా అర్థం కాలేదు అప్పుడు.

ఆ సీజన్ మొదటి నుంచీ కలిసిరాలేదు. సెప్టెంబరు 16న ఆరెగన్‌లో ఆట. చివర్లో అవతలివాళ్ళు తన్నిన బంతి 10 గజాలు రాకముందే వాళ్ళ ఆటగాడే రూల్‌కి విరుద్ధంగా దాన్ని తాకాడు, పైగా బంతి దొరికింది మావాడి చేతిలోకి. అయినా రెఫరీలు బంతి వాళ్ళదే అన్నారు. 34-33తో ఓడిపోయాం. తర్వాత తప్పు జరిగిందని ఒప్పుకుని ఆ రెఫరీలని ఒక ఆటకు సస్పెండ్ చేశారు. స్కోరు మాత్రం మారలేదు. టెక్సస్ చేతిలో కూడా ఓటమి, అదింకా పెద్దది.

అక్టోబరు 14న పెద్దాయన తన రెండో టికెట్ నాకిచ్చారు. అవతల అయోవా స్టేట్. మొదటిసారి కౌంటర్ వెనక నుంచి కాకుండా పైనుంచి చూశాను. ఆ పచ్చిక మీద, బంతి పట్టుకుని దూసుకెళ్ళే మా ఏడ్రియన్ పీటర్సన్ పరుగెత్తడం నా కళ్ళతో చూశాను. టీవీలో చూస్తే అతని వేగం తెలుస్తుంది, బరువు తెలియదు. దగ్గర్నుంచి చూస్తే ఎద్దు బండి వాలులో వదిలేసినట్టు ఉంటుంది, ఎవరు అడ్డం వచ్చినా ఆగదు. అతని తండ్రి ఎన్నో ఏళ్ళు జైల్లో ఉండి అప్పుడే బయటికొచ్చాడు, కొడుకు కాలేజీ ఆటని ప్రత్యక్షంగా చూడటం ఆయనకి అదే మొదటిసారి. 53 గజాలు పరుగెత్తి చివరికి గాల్లోకి ఎగిరి గీత దాటాడు కొడుకు. జనం లేచి నిలబడ్డారు. నేనూ అరుస్తున్నాను. పెద్దాయన మాత్రం నా మోచెయ్యి పట్టుకుని "ఆగు, భుజం చూడు" అన్నారు. కాలర్ బోన్ విరిగింది. సీజన్ అక్కడితో అయిపోయిందనుకున్నాం.

కాలేదు. ఏడ్రియన్ లేకుండా మావాళ్ళు ఒక్కటీ ఓడిపోలేదు. అతని స్థానంలోకి వచ్చిన అలెన్ పాట్రిక్‌కీ దెబ్బ తగిలింది, అతని స్థానంలోకి మరొకడు వచ్చాడు. టెక్సస్ ఏ అండ్ ఎమ్ మీద 17-16, ఓక్లహోమా స్టేట్ మీద 27-21. ఊపిరి బిగబట్టి చూసిన ఆటలు. డిసెంబరు 2న కాన్సస్ సిటీ చలిలో నెబ్రాస్కాని 21-7తో కొట్టి మా లీగ్ బిగ్ 12లో ఛాంపియన్లయ్యారు. టెక్సస్ ఓటమి తర్వాత వరసగా ఎనిమిది విజయాలు. వీటన్నిటికీ నడిపించినవాడు పాల్ థాంప్సన్, ఆగస్టులో రిసీవర్ల మధ్య నుంచి పిలుచుకొచ్చిన ఆ కుర్రాడు. పెద్దాయన అతన్ని ఎప్పుడూ పొగడలేదు. "ఆ అబ్బాయి పని తెలిసినవాడు" అనేవారు అంతే. చమురు బావుల దగ్గర అంతకుమించిన పొగడ్త ఉండదనుకుంటా.

ఛాంపియన్లకి ఫియెస్టా బౌల్ ఆహ్వానం వచ్చింది. బౌల్ అంటే సీజన్ అయ్యాక డిసెంబరు, జనవరుల్లో ఎక్కువగా ఎండ తగిలే ఊళ్ళలో పెట్టే ఆట. క్రికెట్‌లో ఒక మ్యాచ్ పోతే ఇంకో మ్యాచ్ ఉంటుంది, సిరీస్ ఉంటుంది. అప్పట్లో మాలాంటివాళ్ళకి బౌల్ అయ్యాక ఏమీ ఉండేది కాదు. ఆఖరి సంవత్సరం వాళ్ళు ఆ రోజు విప్పిన జెర్సీ మళ్ళీ వేసుకోరు. ఆ రోజు ఎలా ముగిస్తే ఎనిమిది నెలలు అలాగే ఉండాలి. ఇది నాకు ముందు ఎవరూ చెప్పలేదు.

అవతలి టీమ్ ఐడహో నుంచి వచ్చిన బోయిసీ స్టేట్. నీలం రంగు మైదానంలో ఆడే టీమ్. ఆ ఏడు ఆడిన 12 ఆటలూ గెలిచారు. కానీ ఆడేది చిన్న లీగ్‌లో, అందుకని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మేమూ తీసుకోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఏడ్రియన్ గాయం మానాక ఆడుతున్న మొదటి ఆట అది, మా ధ్యాసంతా అతని మీదే.

క్రిస్మస్ సెలవులు. మా అపార్ట్‌మెంట్‌లో నలుగురిలో ఇద్దరు డాలస్ వెళ్ళారు. నేనూ, వరంగల్ నుంచి వచ్చిన మా రూమ్మేటూ మిగిలాం. కొత్త సంవత్సరం కదా అని మధ్యాహ్నం పులిహోర కలిపాను. చింతపండు డబ్బాలో గుజ్జు అడుగంటే దాకా గోకి వేశాను. సాయంత్రం ఆ గిన్నె పట్టుకుని ఇద్దరం పెద్దాయన వాటాకి వెళ్ళాం. ఆయన బీఫ్ లేకుండా మా కోసం విడిగా చిల్లీ అనే కారం కూర వండి పెట్టారు. పులిహోర చెంచాతో తిని, పోపులో ఎండుమిరపకాయ కూడా నమిలి, ఒక గ్లాసు నీళ్ళు తాగి, "దీనికి పేరుందా?" అన్నారు. చెప్పాను. ఆయన నోటికి పేరు తిరగలేదు గానీ మళ్ళీ వడ్డించుకున్నారు.

మొదలవగానే 14-0 వెనకపడ్డాం. సగానికి 21-10. మూడో భాగంలో థాంప్సన్ విసిరిన బంతిని వాళ్ళవాడు పట్టుకుని టచ్‌డౌన్ దాకా పరుగెత్తాడు. 28-10. గదిలో టీవీ ఒక్కటే మాట్లాడుతోంది. మా వరంగల్ వాడు మెల్లగా "ఏందిరా ఇది, అయిపాయె గదా" అన్నాడు. పెద్దాయనకి తెలుగు రాదు, కానీ ఆ గొంతు అర్థమైంది. "లేదు, కూర్చో" అన్నారు.

ఇక్కడి నుంచి జరిగిందే నాకు అసలు ఆట. మావాళ్ళు దూరంగా తన్నేసిన బంతి అవతలివాడి కాలికి తగిలి మా చేతికొచ్చింది. ఏడ్రియన్ టచ్‌డౌన్. 28-17. తర్వాత బంతిని కర్రల మధ్యకి తన్ని ఫీల్డ్ గోల్. 28-20. చివర్లో 1 నిమిషం 26 సెకన్లు మిగిలుండగా థాంప్సన్ అయిదు గజాల పాస్ విసిరాడు, క్వెంటిన్ చేనీ పట్టుకున్నాడు. 28-26. సమం కావాలంటే రెండు పాయింట్ల ప్రయత్నం చెయ్యాలి. మొదటిసారి కుదరలేదు, కానీ తప్పు వాళ్ళదని మళ్ళీ ఇచ్చారు. రెండోసారి కుదిరింది, కానీ తప్పు మాదని తీసేసి వెనక్కి జరిపారు. మూడోసారి. పాతికేళ్ళు కూడా నిండని కుర్రాడు, సున్నా నుంచి మళ్ళీ మొదలుపెట్టినవాడు, ఒకే పని మూడోసారి చెయ్యమంటే చేసి చూపించాడు. మా రిసీవర్ ఇగ్లేసియస్ చేతుల్లోకి బంతి. 28-28.

నేను పెద్దాయన్ని కౌగిలించుకున్నాను. ఆయన నన్ను. ఇంకా కూర్చోలేదు, ఆ తర్వాతి బంతినే వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ జబ్రాన్స్కీ విసిరితే మా మార్కస్ వాకర్ మధ్యలో అందుకుని 33 గజాలు పరుగెత్తి గీత దాటాడు. 35-28. మిగిలింది 1 నిమిషం 2 సెకన్లు. 28-10 నుంచి వరసగా 25 పాయింట్లు. మా రూమ్మేట్ పులిహోర గిన్నె నెత్తిన పెట్టుకుని గది చుట్టూ తిరుగుతున్నాడు. బయట వీధిలో కార్ల హారన్లు మొదలయ్యాయి. ఆ రాత్రి ఆట అక్కడ ఆగిపోతే, కాలేజీ ఫుట్‌బాల్‌లో గొప్ప పునరాగమనం అని ఇవాళ అందరూ పాల్ థాంప్సన్ పేరు చెప్పుకునేవాళ్ళు.

వాళ్ళు మైదానం మధ్య గీత దగ్గర చిక్కుకున్నారు. 18 సెకన్లు ఉన్నాయి. నాలుగో డౌన్, 18 గజాలు. ఆపితే అయిపోయింది. పెద్దాయన సోఫా అంచున కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. వేళ్ళు తెల్లబడేలా నొక్కి పట్టుకున్నారు. అది నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది, ఆట కన్నా స్పష్టంగా.

జబ్రాన్స్కీ విసిరాడు. డ్రిసన్ జేమ్స్ దాదాపు 15 గజాల దగ్గర పట్టుకున్నాడు. కావాల్సినదానికి మూడు గజాలు తక్కువ. మావాళ్ళు అతని మీదికి ఉరికారు. "అయిపోయింది" అని పెద్దాయన అననే అన్నారు. అదే క్షణంలో జేమ్స్ ఎదురుగా పరుగెత్తుకొస్తున్న జెరార్డ్ రాబ్ చేతికి బంతి తోసేశాడు. మావాళ్ళంతా జేమ్స్ వైపు ఉన్నారు, రాబ్ వైపు ఎవరూ లేరు. మైదానం అంచు వెంట పరుగెత్తి గాల్లోకి దూకి గీత మీద పడ్డాడు. ఇంకా 7 సెకన్లు ఉన్నాయి. 35-35. ఆ ఎత్తుకి వాళ్ళు పెట్టుకున్న పేరు సర్కస్ అని తర్వాత తెలిసింది.

ఓవర్‌టైమ్. రెండు టీమ్‌లకీ చెరొక అవకాశం. బంతి ముందు మాది, 25 గజాల దగ్గర నుంచి. మొదటి బంతికే థాంప్సన్ ఏడ్రియన్‌కి అందించాడు. పాతిక గజాలూ ఒక్క ఊపులో. 42-35. మేం అరిచాం, కానీ ఆ అరుపులో ముందున్న ధైర్యం లేదు. వాళ్ళు మళ్ళీ నాలుగో డౌన్ దాకా వచ్చారు, ఈసారి క్వార్టర్‌బ్యాక్‌ని పక్కకి పంపి పెరెట్టా అనే రిసీవర్ చేత బంతి విసిరించారు. టచ్‌డౌన్. బంతి తన్నితే సమం. వాళ్ళ కోచ్ క్రిస్ పీటర్సన్ తన్నించలేదు, రెండు పాయింట్లకి వెళ్ళాడు. జబ్రాన్స్కీ కుడి చెయ్యి పాస్ విసురుతున్నట్టు ఊపాడు, బంతి మాత్రం ఎడమ చేతిలో వీపు వెనక ఉంది. ఇయాన్ జాన్సన్ వచ్చి దాన్ని తీసుకుని ఖాళీగా ఉన్న ఎడమ వైపు నడిచినంత తేలిగ్గా వెళ్ళిపోయాడు. 43-42.

ఆ తర్వాత టీవీలో జాన్సన్ మోకాలి మీద కూర్చుని, చీర్‌లీడర్‌గా ఉన్న తన ప్రియురాలిని పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. ఆ అమ్మాయి ఏడుస్తూ సరేనంది. దేశం మొత్తం చూసింది. అంత మంచి దృశ్యాన్ని చూస్తూ కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేదు, అదే నాకు మరీ కష్టమైంది. గెలిచినవాళ్ళు అహంకారులైతే తిట్టుకుని పడుకోవచ్చు. వీళ్ళు మంచి పిల్లలు, బాగా ఆడారు, ధైర్యం చేశారు. మా బాధని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెద్దాయన లేచి టీవీ ఆపారు. గిన్నె కడిగి నా చేతికిచ్చారు. "గుడ్ నైట్, సన్" అన్నారు. బయట హారన్లు ఎప్పుడు ఆగిపోయాయో గమనించలేదు.

రూమ్‌కి వచ్చి ఫోన్ కార్డు గీకి ఇంటికి చేశాను. తెనాలిలో పొద్దెక్కింది, నాన్న ఎరువుల కొట్టులో ఉన్నారు. కొత్త సంవత్సరం కబుర్లు చెబుతాననుకుని ఫోన్ ఎత్తారు. నేను ఏడుపు ఆపుకుంటూ ఆట ఓడిపోయామని చెప్పాను. "మనం" అన్నాను, నాకు తెలియకుండానే. నాన్నకి ఆ ఆట తెలియదు, ఓక్లహోమా ఎక్కడుందో కూడా సరిగా తెలియదు. కానీ "ఆఖర్లోనా?" అని అడిగారు. అవునన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత షార్జా గురించి చెప్పారు. 1986 ఏప్రిల్ 18, శుక్రవారం. ఆఖరి బంతికి నాలుగు కావాలి, చేతన్ శర్మ వేశాడు, మియాందాద్ సిక్స్ కొట్టాడు. "రేడియో పక్కన పెట్టేసి కాలవ గట్టు దాకా నడిచి వెళ్ళి వచ్చాను రా. ఆ రోజు రాత్రి అన్నం తినలేదు. మీ అమ్మకి ఒంట్లో బాగాలేదని చెప్పాను" అన్నారు. ఆయన ఈ సంగతి నాకు అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. కార్డులో నిమిషాలు అయిపోయేదాకా ఇద్దరం మాట్లాడుకున్నాం.

నా ఫ్రస్ట్రేషన్ ఓడినందుకే అయితే అది ఎప్పుడో పోయేది. తర్వాత కూడా మేం ఓడిపోయాం. మరుసటి ఏడు అదే ఫియెస్టా బౌల్‌లో వెస్ట్ వర్జీనియా చేతిలో 48-28. 2009 జనవరిలో ఛాంపియన్‌షిప్ ఆటలో ఫ్లోరిడా చేతిలో. 2018లో రోజ్ బౌల్‌లో జార్జియా చేతిలో రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 54-48. అదీ గుండె పిండేసిన ఆటే. కానీ వాటిలో ఎవరి పేరూ తుడిచిపెట్టుకుపోలేదు. ఆ 2007 రాత్రిని ప్రతి డిసెంబరులో టీవీలో మళ్ళీ మళ్ళీ వేస్తారు. మూడే ముక్కలు వేస్తారు: సర్కస్, వీపు వెనక బంతి, మోకాలి మీద పెళ్ళి అడగడం. 28-10 నుంచి 25 పాయింట్లు వెయ్యరు. మూడుసార్లు చేసిన ఆ రెండు పాయింట్ల ప్రయత్నం వెయ్యరు. ఓవర్‌టైమ్‌లో ఏడ్రియన్ పరుగెత్తిన ఆ పాతిక గజాలు కాలేజీలో అతని ఆఖరి పరుగు. ఆ తర్వాత మినసోటా వైకింగ్స్ అనే ప్రొఫెషనల్ టీమ్ అతన్ని తీసుకుంది. అప్పట్లో మా యూనివర్సిటీలో బంతితో అందరికన్నా ఎక్కువ గజాలు పరుగెత్తిన రికార్డు బిల్లీ సిమ్స్‌ది. దానికి 73 గజాల దూరంలో ఏడ్రియన్ ఆగిపోయాడు. కాలర్ బోన్ విరగకపోతే ఒక్క శనివారం పని. ఆఖరిసారి బంతి ముట్టుకుని గీత దాటి వెళ్ళినవాడి పరుగుని కూడా వెనకాల జరిగినదానికి ముందుమాటలాగే చూపిస్తారు. ఆ బంతి అతని చేతిలో పెట్టిన పాల్ థాంప్సన్‌కి కూడా ఓక్లహోమా జెర్సీలో అదే ఆఖరి బంతి. అతను చెయ్యగలిగినదంతా చేసి, 42 పాయింట్లు బోర్డు మీద పెట్టించి, పక్కకి వచ్చి నిలబడ్డాడు. మిగిలింది అతని చేతుల్లో లేదు.

మర్నాడు పొద్దున్నే తలుపు కొట్టారు. ఎనిమిది కూడా కాలేదు. పెద్దాయన, మీద కోటు, కింద రాత్రి వేసుకున్న పైజామా. నిద్రపోయినట్టు లేదు. చేతిలో కిరాణా షాపు బిల్లు, దాని వెనక పెన్నుతో గీసిన గుర్తులు. చలిలో వరండా మెట్ల మీద కూర్చోబెట్టారు. వాళ్ళకి సున్నాలు, మనకి ఇంటూలు. జేమ్స్ ఎక్కడ పట్టుకున్నాడో ఒక గీత, రాబ్ ఎటు నుంచి వచ్చాడో ఇంకో గీత. గీత మీద గీత గీసి గీసి కాగితం ఒకచోట చిరిగింది. "ఇదిగో ఇక్కడ ఇంతమంది ఉన్నారు. 18 గజాలు కావాలి. పట్టుకున్నది 15 దగ్గర. పట్టుకోనివ్వు. ఇంతమంది వెళ్ళక్కర్లేదు, ఇద్దరు చాలు. ఈ ఒక్కడు వెనక ఉండాలి" అని ఒక ఇంటూ చుట్టూ సున్నా చుట్టారు. "ఈ ఒక్కడు."

కాదు, ఇంకొకడు ఉండాల్సిందని నేనన్నాను. మా రూమ్మేట్ దుప్పటి కప్పుకుని వచ్చి ఇద్దరిదీ తప్పన్నాడు. కాఫీ చల్లారిపోయేదాకా వాదించుకున్నాం. ఎదురింటివాళ్ళు కుక్కని తిప్పుతూ వచ్చి, ఆగి, కాగితంలోకి తొంగి చూసి, ఇంకో ఇంటూ మీద వేలు పెట్టారు.

ఆ బిల్లు నా దగ్గరే ఉంది. సిరా వెలిసిపోయి ముందు వైపు ఏం కొన్నారో కనిపించడం లేదు, వెనక ఇంటూలు మాత్రం ఉన్నాయి. పెద్దాయన టల్సాలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాక కూడా జనవరి ఒకటిన ఫోన్ చేసుకునేవాళ్ళం. హ్యాపీ న్యూ ఇయర్ అయ్యాక ఆయన అడిగే మొదటి మాట "కాగితం ఉందా?" అని. ఉందనేవాణ్ణి. తీసి ముందు పెట్టుకునేవాణ్ణి. ఇన్నేళ్ళు చూశాక ఆయన సున్నా చుట్టిందే సరైనదని నాకూ అనిపిస్తోంది. ఆ ఒక్కడు రెండడుగులు వెనక్కి వేసి ఉండాల్సింది.